ప్రోటాన్ చికిత్సా, మామూలు రేడియేషనా? ఎవరికి ఏది, ఎక్కడ, ఎంత ఖర్చుతో

క్యాన్సర్ అని తేలిన వారంలోపే ఇంట్లో ఎవరో ఒకరు ప్రోటాన్ మాట ఎత్తుతారు. అమెరికాలో ఉన్న బావమరిది ఫోన్లో చెప్తాడు, లేదంటే ఏదో యూట్యూబ్ వీడియో ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చి పడుతుంది. "ఖర్చు ఎక్కువైనా సరే, నాన్నకి మంచిదే పెట్టిద్దాం" అంటాడు కొడుకు. లెక్క తప్పేది అక్కడే. ప్రోటాన్ ఖరీదెక్కువ కాబట్టి క్యాన్సర్ మీద బలంగా పనిచేస్తుందని అనుకుంటారు. గడ్డను చంపే శక్తిలో ప్రోటాన్‌కీ మామూలు రేడియేషన్‌కీ తేడా సుమారు పది శాతమే, ఆ తేడాను డోసు లెక్కలోనే సరిచేసేస్తారు. అంటే గడ్డకు తగిలే దెబ్బ రెండింటిలోనూ దాదాపు ఒకటే. ప్రోటాన్‌తో లాభమంతా గడ్డ పక్కన, వెనకాల ఉన్న మంచి భాగాలకు. ఆ లాభం కొందరికి జీవితాంతం అక్కరకొస్తుంది, కొందరికి లెక్కలోకి రానంత చిన్నది. ఇంటి పత్రాలు తాకట్టు పెట్టే ముందు మీ రోగి ఏ కోవలోకి వస్తాడో తేల్చుకోవాలి.

తేడా ఎక్కడుంది

ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారే, ఆ మామూలు రేడియేషన్ లీనాక్ అనే యంత్రం నుంచి వచ్చే బలమైన ఎక్స్‌రేలతో జరుగుతుంది. ఈ కిరణం చర్మం కింద కొద్ది లోతులోనే ఎక్కువ శక్తి వదిలి, తర్వాత మెల్లగా తగ్గుతూ గడ్డను దాటి అవతలి వైపు నుంచి బయటికి పోతుంది. అందుకే ఐఎంఆర్‌టీ, వీమ్యాట్ లాంటి పద్ధతుల్లో అనేక కోణాల నుంచి కిరణాలు పంపుతారు. గడ్డ దగ్గర అన్నీ కలిసి పెద్ద డోసు అవుతుంది. చుట్టుపక్కల మాత్రం తక్కువ డోసు చాలా మేర పరుచుకుంటుంది.

ప్రోటాన్ అంటే హైడ్రోజన్ పరమాణువు కేంద్రకం. బరువు, విద్యుదావేశం రెండూ ఉన్న కణం. సైక్లోట్రాన్ అనే యంత్రంలో కాంతి వేగంలో దాదాపు 60 శాతం దాకా పరుగెత్తించి ఒంట్లోకి వదులుతారు. వేగంగా పోతున్నంతసేపూ దారిలోని కణజాలానికి తక్కువ శక్తి ఇస్తుంది, నెమ్మదించే కొద్దీ ఎక్కువ ఇస్తుంది, చివర్లో మిగిలినదంతా ఒక్కచోట వదిలి ఆగిపోతుంది. ఆ చివరి ఉద్ధృతికి బ్రాగ్ పీక్ అని పేరు. ఎంత లోతులో ఆగాలన్నది శక్తిని మార్చి నిర్ణయిస్తారు: 230 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ నీటిలో సుమారు 32 సెంటీమీటర్లు పోతుంది, 70 అయితే నాలుగు సెంటీమీటర్ల దగ్గరే ఆగుతుంది. దీన్ని వైద్యానికి వాడవచ్చని అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్ 1946లోనే రాశారు. 1954లో బర్క్‌లీలో మనుషుల మీద మొదలైంది. ఫిజిక్స్ ల్యాబ్‌ల నుంచి ఆసుపత్రిలోకి రావడానికి మాత్రం 1990 దాకా పట్టింది, అదీ కాలిఫోర్నియాలోని లోమా లిండాలో.

ఆసుపత్రుల బ్రోషర్లలో ఇక్కడి వరకే ఉంటుంది. తర్వాతి సంగతీ తెలియాలి. ఒక్క బ్రాగ్ పీక్ చాలా సన్నగా ఉంటుంది, గడ్డ మందమంతా నింపాలంటే వేర్వేరు శక్తుల ప్రోటాన్లను పొరలు పొరలుగా పంపాలి. అలా పంపినప్పుడు లోపలికి వెళ్లే దారిలో డోసు కూడుతుంది. కాబట్టి ప్రోటాన్‌కు సైడ్ ఎఫెక్టులు ఉండవన్న మాట అబద్ధం. చర్మం ఎర్రబడటం కొన్నిసార్లు మామూలు రేడియేషన్ కంటే ఎక్కువే ఉంటుంది, కిరణం వెళ్లే దారిలో జుట్టు రాలుతుంది, నీరసం వస్తుంది. ఇంకో చిక్కు, ప్రోటాన్ సరిగ్గా ఎక్కడ ఆగుతుందన్న లెక్కలో కొన్ని మిల్లీమీటర్ల అనుమానం ఎప్పుడూ మిగులుతుంది. మధ్యలో గాలి ఉందా, ఎముక ఉందా అన్నదాన్ని బట్టి ఆగే చోటు జరుగుతుంది. ఊపిరితో కదిలే గడ్డ, పేగులో గ్యాస్, వెన్నెముకలో వేసిన టైటానియం రాడ్లు, చికిత్స మధ్యలో రోగి ఏడెనిమిది కిలోలు తగ్గడం, ఇవన్నీ ప్లాన్‌ను తారుమారు చేయగలవు. మామూలు ఎక్స్‌రే ఇలాంటి మార్పులను బాగా ఓర్చుకుంటుంది. ప్రోటాన్ అంతగా ఓర్చుకోదు, అందుకే మధ్యమధ్యలో మళ్లీ సీటీ తీసి ప్లాన్ మార్చే అలవాటున్న చోటే పెట్టించుకోవాలి.

పిల్లలైతే ముందు వరుసలో

నన్నడిగితే అప్పు చేసైనా సరే ప్రోటాన్ కోసం ప్రయత్నించండి అని గట్టిగా చెప్పగలిగేది పిల్లల విషయంలో. మెడుల్లోబ్లాస్టోమానే తీసుకోండి. చిన్నమెదడులో వచ్చే ఈ గడ్డను సర్జరీ చేసి తీసేశాక తలకూ, వెన్ను మొత్తానికీ రేడియేషన్ ఇవ్వాలి. ఎక్స్‌రేతో వీపు వైపు నుంచి ఇస్తే కిరణం ముందుకు పోతూ గుండె, థైరాయిడ్, ఊపిరితిత్తులు, పొట్ట, ఆడపిల్లయితే అండాశయాల దాకా తాకుతుంది. ప్రోటాన్ వెన్నుపూస దగ్గర ఆగిపోతుంది, ముందున్న భాగాలకు దాదాపు ఏమీ చేరదు. ఎదిగే పిల్లల్లో వెన్నుపూసకు ముందూ వెనకా సమానంగా డోసు ఇస్తారు, సగం ఎముక పెరిగి సగం ఆగిపోతే వెన్ను వంగిపోతుంది కాబట్టి.

ఇక్కడ కూడా క్యాన్సర్ నయమయ్యే అవకాశం రెండు పద్ధతుల్లో ఒకేలా ఉంటుంది. తేడా ఆ తర్వాతి అరవై ఏళ్లలో కనపడుతుంది. వినికిడి, ఎత్తు, గుండె, పిల్లలు పుట్టే అవకాశం, రేడియేషన్ వల్లే మరో క్యాన్సర్ వచ్చే ముప్పు, వీటన్నిటి లెక్క మారుతుంది. ఆరేళ్ల పాపకు అంత కాలం ముందుంది. మెదడుకు మాత్రం ప్రోటాన్‌తోనూ డోసు తప్పదు, కాబట్టి చదువు మీద ప్రభావం అసలు ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి. మెదడులో వచ్చే ఎపెండిమోమా, క్రేనియోఫారింజియోమా గడ్డలు, కంటి చుట్టూ లేదా కటి భాగంలో వచ్చే రాబ్డోమయోసార్కోమా కూడా ఈ జాబితాలోవే. బాగా చిన్నపిల్లలు కదలకుండా పడుకోలేరు, రోజూ మత్తు ఇవ్వాలి. ఆరు వారాలపాటు రోజూ మత్తు ఇచ్చే పిల్లల అనస్థీషియా డాక్టరు ఆ సెంటర్‌లో ఉన్నారా అన్నది యంత్రం ఏ కంపెనీది అన్నదానికంటే ముఖ్యం.

పెద్దవాళ్లలో తలపుర్రె అడుగున వచ్చే కార్డోమా, కాండ్రోసార్కోమా స్పష్టంగా ప్రోటాన్ కేసులు. ఆ గడ్డలకు 70 గ్రే (రేడియేషన్ డోసును గ్రేలలో కొలుస్తారు) పైన డోసు కావాలి, మిల్లీమీటర్ల దూరంలో ఉన్న బ్రెయిన్ స్టెమ్ (మెదడు కాండం), కంటి నరాలు అంత తట్టుకోలేవు. వెన్నెముకను ఆనుకున్న సార్కోమాలూ (ఎముక, కండరం లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్లు) అంతే. ఒకసారి రేడియేషన్ అయిన చోటే మళ్లీ గడ్డ వస్తే, రెండోసారి ఇవ్వడానికి ప్రోటాన్ దారి చూపించవచ్చు. ఛాతీ మధ్యలో లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) వచ్చిన యువతకు, లివర్ బాగా దెబ్బతిన్నాక అందులో గడ్డ వచ్చినవాళ్లకు కూడా అడిగి చూడదగ్గదే. కంటి లోపలి మెలనోమాకు విదేశాల్లో ప్రోటాన్ పేరున్న చికిత్స, కానీ దానికి ప్రత్యేకమైన బీమ్ ఏర్పాటు కావాలి. మనవాళ్లకు హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కంటికి ప్లాక్ (రేడియేషన్ ఇచ్చే చిన్న పలక) అమర్చి ఇచ్చే రేడియేషన్ ముందుగా అడగాల్సిన మార్గం.

మన ఇళ్లలో ఎక్కువగా కనపడే క్యాన్సర్ల సంగతి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రోటాన్ గురించి ఆలోచించడం వృథా శ్రమ. అక్కడ రోగిని బతికించేది బయటి రేడియేషన్ తర్వాత లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ. దాన్ని బాగా చేసే సెంటర్‌ను వెతకండి, మొత్తం చికిత్స ఎనిమిది వారాల్లోపు ముగిసేలా చూసుకోండి. ఈ రెండూ కుదిరితే ఇంటి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి అయినా మంచి ఎంపికే.

గుట్కా, చుట్ట వల్ల వచ్చే నోటి క్యాన్సర్‌కు మొదటి పని సర్జరీ. ఆ తర్వాత రేడియేషన్ ఆరు వారాల్లోపు మొదలవ్వాలి. ప్రోటాన్ స్లాట్ కోసం, డబ్బు కోసం తిరుగుతూ ఆ గడువు దాటించుకున్నవాళ్లు ప్రోటాన్‌తో వచ్చే లాభం కంటే ఎక్కువే పోగొట్టుకుంటారు. గొంతు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్ మీద మాత్రం నిజమైన చర్చ ఉంది. అమెరికాలో 440 మందితో జరిగిన ట్రయల్‌లో ముక్కు ద్వారానో పొట్ట ద్వారానో ట్యూబుతో ఆహారం అవసరమైనవాళ్లు మామూలు ఐఎంఆర్‌టీలో 40 శాతం దాకా ఉంటే ప్రోటాన్‌లో 27 శాతం దగ్గర ఉన్నారు. బ్రిటన్‌లో జరిగిన టార్పీడో ట్రయల్‌లో అలాంటి తేడా కనపడలేదు. ఇది ఇంకా తెగని వాదన. ఇంట్లో డబ్బు ఉంటే ఆలోచించండి, లేకపోతే బాధపడకండి.

ప్రోస్టేట్ గురించి ఎక్కువగా అడిగేది విదేశాల్లో ఉన్న కొడుకులు. అమెరికాలో ప్రోటాన్ సెంటర్లు నిలదొక్కుకోవడంలో ప్రోస్టేట్ రోగుల పాత్ర పెద్దది, ప్రకటనలూ వాళ్ల మీదే ఎక్కువ. 450 మందితో జరిగిన పార్టీక్యూల్ ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి: రెండేళ్ల తర్వాత మలవిసర్జన ఇబ్బందుల్లో రెండు పద్ధతులకూ తేడా లేదు, రెండింటిలోనూ రోగులు బాగానే ఉన్నారు. పైగా చాలామందికి లీనాక్ మీద ఎస్‌బీఆర్‌టీ (ఒక్కో సిట్టింగుకు పెద్ద డోసు ఇచ్చే) పద్ధతిలో ఐదు సిట్టింగులతో పని అయిపోతుందని పేస్-బి ట్రయల్ చూపించింది. డెబ్బై ఏళ్ల నాన్నగారిని నెలకు పైగా ఊరుకాని ఊళ్లో ఉంచి, ఇరవై లక్షలకు పైగా ఖర్చుపెట్టి ఇంతకంటే ఏం సాధిస్తాం?

రొమ్ము క్యాన్సర్ ఎడమవైపు అయితే గుండె గురించి భయం న్యాయమే. దానికి చాలామందికి సరిపోయే విరుగుడు, ఊపిరి బిగపట్టి రేడియేషన్ తీసుకోవడం. ఊపిరి నిండా పీల్చినప్పుడు గుండె రొమ్ము గోడకు దూరంగా జరుగుతుంది. ఇది చేసే లీనాక్‌లు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఉన్నాయి. రొమ్ముఎముక వెనక లింఫ్ గ్రంథులకు కూడా డోసు ఇవ్వాల్సి వచ్చి, ఊపిరి బిగపట్టినా గుండె డోసు తగ్గకపోతే అప్పుడు ప్రోటాన్ మాట అర్థవంతం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో 2018లో వచ్చిన ట్రయల్‌లో ప్రోటాన్ గెలవలేదు. అన్నవాహిక క్యాన్సర్‌లో 2020 నాటి చిన్న ట్రయల్‌లో మొత్తం ఇబ్బందులు తగ్గాయి, బతికే కాలం మారలేదు. ఎముకలకు పాకాక నొప్పి తగ్గించడానికి ఇచ్చే రేడియేషన్‌కు ప్రోటాన్ అసలు అక్కర్లేదు, ఒక్క సిట్టింగు లీనాక్ చాలు.

చెన్నైకా, నవీ ముంబైకా

మన దేశంలో రోగులు ముఖ్యంగా చూసేవి రెండు చోట్లు. చెన్నై తరమణిలోని అపోలో ప్రోటాన్ క్యాన్సర్ సెంటర్ 2019 జనవరిలో మొదలైంది. దక్షిణాసియాలో అదే మొదటిది, ప్రారంభించింది అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు. రెండోది నవీ ముంబై ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్‌కు చెందిన యాక్ట్‌రెక్ అనే క్యాన్సర్ పరిశోధన, చికిత్స కేంద్రం ప్రాంగణంలో, 2023 నుంచి రోగులకు చికిత్స ఇస్తోంది. రెండు చోట్లా యంత్రం బెల్జియం కంపెనీ ఐబీఏదే, రెండు చోట్లా మూడేసి గదులు, రెండు చోట్లా సన్నని కిరణంతో గడ్డను చుక్కచుక్కగా నింపే పెన్సిల్ బీమ్ పద్ధతే. అంటే యంత్రాన్ని చూసి ఎంచుకోవాల్సింది ఏమీ లేదు. ఎంపిక డబ్బు, సమయం, బస మీద ఆధారపడుతుంది.

చెన్నైలో అపాయింట్‌మెంట్ త్వరగా దొరుకుతుంది. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వాళ్లకు హైదరాబాద్ కంటే దగ్గర, తెలుగులో మాట్లాడేవాళ్లూ దొరుకుతారు. కానీ బిల్లు కార్పొరేట్ బిల్లే. పూర్తి కోర్సుకు ఇరవై లక్షలు దాటుతుందని అనుకునే బయల్దేరండి, బస, తిండి, మధ్యలో అడ్మిషన్ అవసరమైతే ఆ ఖర్చు వేరు. ఇదే రోగికి హైదరాబాద్ ప్రైవేటులో ఐఎంఆర్‌టీ సాధారణంగా రెండు నుంచి నాలుగు లక్షల్లో అవుతుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద అర్హులకు ఆ ఖర్చు కూడా లేకుండా జరుగుతుంది.

టాటాలో జనరల్, ప్రైవేట్ అని రెండు కేటగిరీలు ఉంటాయి. జనరల్‌లో ఖర్చు బాగా తక్కువ, పేదవాళ్లకు సహాయ నిధుల కోసం మెడికల్ సోషల్ వర్కర్లు పనిచేస్తారు. పిల్లలకు ప్రాధాన్యం ఉంది. క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు ఉచితంగా బస ఇచ్చే సెయింట్ జూడ్ కేంద్రం ఖార్ఘర్‌లోనే ఉంది, నెలన్నర ఉండాల్సిన తల్లిదండ్రులకు అది చిన్న సాయం కాదు. ఇబ్బందల్లా రద్దీ. దేశం నలుమూలల నుంచీ రోగులు అక్కడికే వస్తారు. మీ కేసు నిజంగా ప్రోటాన్ కేసు కాదనుకుంటే వాళ్లు మొహమాటం లేకుండా లీనాక్ మీదే పెడతారు. నా దృష్టిలో అది టాటా వైపు మొగ్గడానికి ఇంకో కారణం, ప్రోటాన్ అమ్ముకోవాల్సిన అవసరం వాళ్లకు లేదు.

ఉత్తరాంధ్ర వాళ్లకు ఒక సులువు ఉంది. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ కుటుంబంలోదే. ముందు అక్కడ చూపించి, అవసరమైతే వాళ్ల ద్వారానే ఖార్ఘర్‌కు వెళ్లడం నేరుగా ముంబై రైలెక్కడం కంటే తెలివైన పని. మిగతావాళ్లు రిపోర్టులన్నీ అప్‌లోడ్ చేసి టాటా నిపుణుల అభిప్రాయం తెప్పించుకునే నవ్య ఆన్‌లైన్ సేవను వాడుకోవచ్చు. హైదరాబాద్ ఎంఎన్‌జే లోనో బసవతారకంలోనో వైద్యం నడుస్తుంటే, వేర్వేరు విభాగాల డాక్టర్లు కలిసి కేసు చర్చించే ట్యూమర్ బోర్డులో ప్రోటాన్ ప్రశ్న పెట్టమని మీ డాక్టర్‌నే అడగండి.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. కంపెనీలు పక్కకు పెట్టకూడని ఆధునిక చికిత్సలంటూ ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో పన్నెండింటి జాబితా ఇచ్చింది. అందులో స్టీరియోటాక్టిక్ రేడియో సర్జరీ (చిన్న చోటికి గురిపెట్టి పెద్ద డోసు ఇచ్చే రేడియేషన్) పేరుంది, ప్రోటాన్ పేరు లేదు. కాబట్టి కవర్ అవుతుందా, అయితే ఎంత పరిమితి వరకు అన్నది మీ పాలసీని బట్టే. ఏజెంట్ ఫోన్లో "అయిపోతుంది సార్" అంటే సరిపోదు, మొదటి సీటీ తీసే ముందే క్యాష్‌లెస్ ప్రీ-ఆథరైజేషన్ లెటర్ చేతికి రావాలి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు

బ్రిటన్‌లో మాంచెస్టర్‌లోని ది క్రిస్టీ, లండన్‌లోని యూసీఎల్‌హెచ్, రెండూ అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌వే. మీ ఆంకాలజిస్ట్ పంపితే నిపుణుల ప్యానెల్ చూసి నిర్ణయిస్తుంది, ఒప్పుకుంటే ఉచితం. పిల్లలు, టీనేజర్లు, తలపుర్రె అడుగు గడ్డలు వాళ్ల జాబితాలో ముందుంటాయి. అమెరికాలో నలభైకి పైగా సెంటర్లున్నాయి: హ్యూస్టన్‌లో ఎండీ ఆండర్సన్, బోస్టన్‌లో మాస్ జనరల్, మేయో క్లినిక్. అక్కడ అసలు పోరు ఇన్సూరెన్స్‌తో. మొదటిసారి డినై చేయడం మామూలే. డాక్టర్ చేత పీర్-టు-పీర్ కాల్ (ఇన్సూరెన్స్ కంపెనీ డాక్టర్‌తో నేరుగా మాట్లాడటం) చేయించాలి, అప్పీల్ పెట్టాలి, ఆ తర్వాత బయటి సంస్థ రివ్యూ కోరే హక్కుంది.

ఇక్కడున్న అమ్మానాన్నల్ని ప్రోటాన్ కోసం అమెరికా పిలిపించుకోవడం మాత్రం వద్దు. విజిటర్ ఇన్సూరెన్స్ ముందే ఉన్న జబ్బుకు డబ్బివ్వదు, బిల్లు లక్ష డాలర్లు దాటవచ్చు, అదే తరహా కిరణం చెన్నైలో ఉంది. సింగపూర్‌కూ ఇదే మాట. కార్బన్ అయాన్ చికిత్స (ప్రోటాన్ కంటే బరువైన కార్బన్ కణాలతో ఇచ్చే రేడియేషన్) అవసరమని ఎవరైనా నిపుణుడు రాసిస్తే తప్ప దేశం దాటాల్సిన పని లేదు. అది జపాన్, జర్మనీ లాంటి కొద్ది దేశాల్లోనే దొరుకుతుంది.

సంతకం పెట్టే ముందు

ప్రోటాన్ సెంటర్‌ను అడగాల్సిన వాటిలో అన్నిటికంటే పనికొచ్చేది ఒకటుంది: ఇదే సీటీ మీద ప్రోటాన్ ప్లాన్, ఐఎంఆర్‌టీ ప్లాన్ రెండూ వేసి పక్కపక్కన చూపించండి. నెదర్లాండ్స్‌లో చాలామంది పెద్దవాళ్ల విషయంలో ఇలాగే తేలుస్తారు. రెండు ప్లాన్లూ వేసి, సైడ్ ఎఫెక్టుల ముప్పు ఒక హద్దుకు మించి తగ్గుతుందని లెక్క తేలితేనే ప్రోటాన్ ఇస్తారు. రంగురంగుల బొమ్మ చూసి సరే అనకండి, తక్కువ డోసు నీలం రంగులో పరుచుకుని ఉంటే అందరికీ భయమేస్తుంది. మీ రోగికి ముఖ్యమైన అవయవం పేరు చెప్పి, గుండెకు సగటున ఎంత, లోపలి చెవికి ఎంత, లాలాజల గ్రంథికి ఎంత అని రెండు అంకెలు రాయించుకోండి. ఆ తేడా వల్ల రోజువారీ బతుకులో ఏం మారుతుందో అడగండి. డాక్టర్ దగ్గర సూటి జవాబు ఉంటే బాగుంది. "లేటెస్ట్ టెక్నాలజీ అండి" అన్న మాటే మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ రిపోర్టులు తీసుకుని సెకండ్ ఒపీనియన్‌కు వెళ్లండి.

తర్వాత తేదీ అడగండి. తల కదలకుండా పట్టే మాస్క్ చేయడం, సీటీ, ఎంఆర్‌ఐ, ప్లానింగ్, చెకింగ్ కలిపి మొదటి సిట్టింగుకు వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అంతకు మించి ఆలస్యమైతే ఎదురుచూడవచ్చా లేదా అన్నది ఇంటి దగ్గర చూస్తున్న డాక్టర్ చెప్పాలి. పక్కనే కీమో కూడా నడవాలంటే అది ఎవరు ఇస్తారో ముందే తేల్చుకోండి. మధ్యలో సిట్టింగులు ఆగితే, యంత్రం రిపేరుకొస్తే, ఏం చేస్తారో కూడా అడగండి. ఈ యంత్రాలు పెద్దవి, ఆగిపోతూ ఉంటాయి. మంచి సెంటర్ అయితే ఆ రోజుల్ని ఎలా పూడుస్తారో చెప్పగలుగుతుంది.

సిట్టింగులో కిరణం పడేది నిమిషం, రెండు నిమిషాలే. మిగతా అరగంట సరిగ్గా పడుకోబెట్టడానికే పోతుంది. వారానికి ఐదు రోజులు, ఆరేడు వారాలు. రోగితో పాటు ఒకరు ఉద్యోగమో పొలమో వదిలి ఉండాల్సిందే, ఆ నష్టాన్నీ ఎస్టిమేట్‌లో కలపండి. చివరి రోజు డిశ్చార్జ్ సమ్మరీతో పాటు ప్లాన్ మొత్తం ఉన్న సీడీ, అంటే డైకామ్-ఆర్‌టీ ఫైళ్లు, అడిగి తెచ్చుకోండి. పదేళ్ల తర్వాత అదే చోట మళ్లీ రేడియేషన్ అవసరమైతే, ఎక్కడ ఎంత డోసు పడిందో ఆ ఫైళ్లు లేకుండా ఏ డాక్టరూ లెక్క కట్టలేరు. ఒక కాపీ ఇంటి దగ్గరి ఆసుపత్రిలో మీ ఫైల్‌లో పెట్టించండి.